మైదానం మాస్టారు: ఈల వేసేవాడికి ఈ పనేమిటి?

ప్రశ్న: మాస్టారూ, మాది ఒడిశాలోని గుణుపురం. ఐదేళ్లుగా కబడ్డీ అంపైరింగ్ చేస్తున్నాను. ఈసారి సంక్రాంతి పోటీలకి అంపైర్లు, స్కోరర్లు అందరూ ముందుగా ఒకరోజు సీపీఆర్, అదే గుండె ఆగినవాళ్ల రొమ్ము నొక్కే పద్ధతి, నేర్చుకుని రావాలని కమిటీవాళ్లు మెలిక పెట్టారు. ఒక రోజు కూలీ పోతుంది. గీత దాటాడా, చెయ్యి తగిలిందా చూసుకోవడానికే రెండు కళ్లూ చాలవు. రేపు ఏ కుర్రాడి పక్కటెముకో విరిగితే వాళ్ల ఊరివాళ్లు నన్ను ఊరికే వదులుతారా? కేసైతే? ఇది డాక్టర్ల పని కాదా?

జవాబు: కూలీ సంగతి న్యాయమే. ఆ రోజు డబ్బులు కమిటీయే ఇవ్వాలి, మొహమాటపడకుండా అడుగు. నాలుగు మైకుసెట్లకి చందా వసూలు చేయగలిగినవాళ్లకి అదో లెక్కా?

మిగతా ప్రశ్నలు నేనూ ఒకప్పుడు అడిగినవే. పర్లాకిమిడి చుట్టుపక్కల ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను. ఇటు కాశీనగరం, అటు పాతపట్నం, ఎక్కడ పోటీలు జరిగినా మెడలో ఈలతో నేనుండేవాణ్ణి. ఒక కనుమ నాడు సెమీఫైనల్. పందొమ్మిదేళ్ల గుంటడు రైడుకి వచ్చాడు. వాడి కూత భలే ఉండేది, మైకు అక్కర్లేదు. ఇద్దరు చేతులు కలిపి గొలుసు పట్టు పట్టారు. ఆ పెనుగులాటలో ఒకడి మోకాలు వాడి రొమ్ము మధ్యన బలంగా తగిలింది. విడిపించుకుని లేచాడు, నాలుగడుగులు వేశాడు, బోర్లా పడ్డాడు.

కాళ్లూ చేతులూ రెండు మూడుసార్లు కొట్టుకున్నాయి. "ఫిట్సురా, తాళాలెట్టండి!" అని ఎవరో అరిచారు. సైకిలు తాళంచెవుల గుత్తి తెచ్చి పిడికిట్లో కుక్కారు. ఒకావిడ ఉల్లిపాయ చితక్కొట్టి తెచ్చింది. బిందెడు నీళ్లు మొహాన గుమ్మరించారు. జనం మీద పడిపోయారు. నేను వంగి చూస్తే వాడి గొంతులోంచి గురకలాంటి చప్పుడు ఆగి ఆగి వస్తోంది, నోరు ఒడ్డున పడ్డ చేపలా తెరుచుకుంటోంది. "ఊపిరుంది, కంగారు పడకండి" అన్నాను. అంపైరు మాట కదా, అందరూ నమ్మారు. ఆటోలో వేసుకుని ఆస్పత్రికి చేర్చేసరికి ఏమీ మిగల్లేదు.

కబడ్డీలో మన పనేంటి బాబూ? కూత వినడం. ఆటగాడు మధ్యలో ఊపిరి తీశాడా లేదా అని చెవితో తేల్చడం. బతుకంతా ఊపిరి లెక్క చూసినవాణ్ణి, ఆ గురక ఊపిరి కాదని నాకు తెలీలేదు. అది ఎగశ్వాస. గుండె ఆగిపోయాక కూడా మొదటి నిమిషాల్లో అలా రావచ్చు. కాళ్లూ చేతులూ కొట్టుకోవడం కూడా అంతే, మెదడుకి రక్తం అందక వచ్చేది, చూసేవాళ్లకి మూర్ఛలా ఉంటుంది. మనిషి పిలిస్తే పలక్కుండా, ఊపిరి మామూలుగా లేకుండా పడుంటే గుండె ఆగిందనే అనుకుని మొదలుపెట్టేయాలి. అప్పుడు నొక్కి ఉంటే వాడు కచ్చితంగా బతికేవాడని నేననను. నొక్కలేదు, అంతే.

ఇక అది డాక్టర్ల పని అన్నావు. డాక్టరు ఎక్కడున్నాడు? సీపీఆర్ గానీ కరెంటు షాకు గానీ అందకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిపోతుంది. నాలుగు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. నాలుగు నిమిషాలంటే మన లెక్కలో ఎనిమిది రైడ్లు. గుణుపురం నుంచి ఏ కొండ ఊరికైనా ఎనిమిది రైడ్లలో అంబులెన్సు వచ్చిందని ఎవరైనా చెబితే నేను నమ్మను. ఆటగాడు పడటం ముందుగా చూసేది నువ్వు, మూడడుగుల్లో చేరుకునేది నువ్వు, నీ ఈలకి తప్ప ఆ గుంపు దేనికీ ఆగదు. నా మటుకు సీపీఆర్‌లో సగం పని రొమ్ము నొక్కడం, సగం పని "వెనక్కి పోండి!" అని గదమడం. ఆ రెండోది మీకు వచ్చినట్టు డాక్టర్లకి కూడా రాదు.

2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో డెన్మార్క్, ఫిన్లాండ్ ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ ఎవరూ తగలకుండానే కూలిపోయాడు. రెఫరీ ఆంథొనీ టేలర్ వెంటనే ఆట ఆపి వైద్యుల్ని పిలిచాడు. మైదానంలోనే సీపీఆర్ చేశారు, షాక్ ఇచ్చారు. ఆ మనిషి మరుసటి ఏడాది మళ్లీ బూట్లు కట్టుకుని ఆడాడు. మన దేశంలోనే, 2004 డిసెంబరు 5న బెంగళూరు ఫెడరేషన్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్లో డెంపో జట్టు ఆటగాడు క్రిస్టియానో జూనియర్ గోల్ కొడుతూ గోల్‌కీపర్ని ఢీకొని పడిపోయాడు. అతను బతకలేదు.

పక్కటెముక విరగొచ్చు, అవును. కబడ్డీలో మెడ ఎముక విరగ్గా చూళ్లేదా? అతుక్కుంటాయి. కేసంటావా, నా పాత శిష్యుడొకడు ప్లీడరు, వాణ్ణి అడిగాను. స్పృహలో లేని మనిషి మేలు కోసం, మంచి ఉద్దేశంతో చేసిన పని నేరం కాదని పాత ఐపీసీ 92వ సెక్షనులోనే ఉందట, ఇప్పుడది భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షను. ఊరివాళ్లు చెయ్యి చేసుకుంటారన్న భయానికి మాత్రం ఏ సెక్షనూ లేదు. ఆట మొదలవకముందే మైకులో చెప్పించు, "ఎవరైనా పడిపోతే అంపైర్లు చూసుకుంటారు, బరిలోకి రావద్దు" అని. నేనైతే రెండు జట్ల కెప్టెన్ల ఎదురుగా చెప్పిస్తాను.

నేర్చుకునే దగ్గర నీకో చిట్కా. రొమ్ము నడిమధ్య, మణికట్టు దగ్గరి అరచేతి భాగం ఆనించి, రెండో చెయ్యి దాని మీద వేసి, మోచేతులు వంచకుండా రెండంగుళాలు దిగేలా నొక్కాలి, ప్రతిసారీ రొమ్మును పూర్తిగా పైకి లేవనివ్వాలి. వేగం నిమిషానికి 100 నుంచి 120. ముప్పై సెకన్ల రైడు నీ నెత్తురులో ఉంటుంది కదా, ఒక రైడుకి యాభై నుంచి అరవై నొక్కులు. నోటితో ఊపిరి ఊదడం రాకపోతే మానెయ్, నొక్కడం మాత్రం ఆపకు. నాకు యాభై ఎనిమిదేళ్లప్పుడు విశాఖలో కూతురింటికి వెళ్లి ఉండగా నేర్చుకున్నాను. రెండో నిమిషానికే ఆ రబ్బరు బొమ్మ మీద నా చెమట బొట్లు పడ్డాయి. అందుకే రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, స్కోరర్లకి కూడా నేర్పమంటున్నది అందుకే.

ఇంకొకటి. సరిహద్దు ఊళ్లలో మన ఫోను ఆంధ్రా టవరు పట్టుకుంటే 108 కాల్ అటు వెళ్లొచ్చు. ఊరి పేరు చెప్పి ఊరుకోకుండా జిల్లా, ఒడిశా అని కూడా చెప్పాలి. ఆ ఫోను చేసే మనిషెవరో పొద్దున్నే అనుకోండి.

ప్రశ్న: రాయగడలో ఆడపిల్లల జట్టుకి శిక్షణ ఇస్తున్నాను మాస్టారూ. అంపైర్లంతా మగవాళ్లే. పిల్ల పడిపోతే వాళ్లు రొమ్ము మీద చెయ్యి వెయ్యడానికి జంకుతారు, చూసేవాళ్లు కూడా ఒప్పుకోరేమో. ఏం చెయ్యమంటారు?

జవాబు: జంకడం వల్ల ఆడవాళ్లకి ఆ సాయం ఆలస్యం కావడం మన దగ్గరే కాదమ్మా, చాలా దేశాల్లో ఉంది. నొక్కే చోటు రెండు రొమ్ముల నడుమ ఉన్న ఎముక, జెర్సీ తియ్యక్కర్లేదు. నువ్వూ నేర్చుకో, మీ పిల్లల్లో పెద్దవాళ్లకి నలుగురికి నేర్పు. బెంచీ మీద ఒక పాత చీర పెట్టుకోండి. అవసరమైతే ఇద్దరు అడ్డం పట్టుకుంటారు, లోపల ఎవరు నొక్కుతున్నారన్నది ఎవరికీ పట్టదు. కానీ ఆ చీర వచ్చేదాకా ఆగొద్దు.