బల్దియా, బల్దా, బిల్లులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మా ఇంట్లో పెద్దవాళ్లు హైదరాబాద్ నగరపాలక సంస్థను నేటికీ ‘బల్దియా’ అనే అంటారు. ఆ మాట ఎక్కడిది? మరో సందేహం కూడా ఉంది. ఇంటి పన్ను ఒక కార్యాలయానికి, నీళ్ల బిల్లు మరో కార్యాలయానికి కడుతున్నాం. శివార్లలో స్థలం కొన్న మా తమ్ముడు లేఅవుట్ కాగితాల కోసం మూడో కార్యాలయానికి వెళ్లాల్సి వచ్చింది. ఊరు ఒకటే కదా, ఇన్ని సంస్థలు ఎందుకు?
– ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: అరబీలో ‘బలద్’ అంటే ఊరు, నగరం. నగర వ్యవహారాలు చూసే సంస్థ ‘బలదియా’. ఉర్దూ మీదుగా వచ్చిన ఈ మాట హైదరాబాదీల నోట ‘బల్దియా’ అయింది. నిజాం పాలన పోయినా, ఆ తర్వాత సంస్థ పేరు ఎన్నిసార్లు మారినా ఇది చెక్కుచెదరలేదు. తెలుగు పత్రికల శీర్షికల్లోనూ స్థిరపడిపోయింది.

మీ రెండో సందేహానికి జవాబు కూడా ఈ మాటకు తోబుట్టువైన ఇంకో మాటలోనే దొరుకుతుంది. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దెనెక్కిన మరుసటి ఏడు, 1912లో, నగరాభివృద్ధి కోసం ఒక ప్రత్యేక మండలిని ఏర్పాటు చేశారు. దాని పేరు ‘ఆరాయిష్-ఎ-బల్దా’, అంటే నగరాన్ని తీర్చిదిద్దడం. అప్పటికే మున్సిపాలిటీ ఉంది. 1869లో నిజాం దివాన్ మొదటి సాలార్ జంగ్ కాలంలో నగర నిర్వహణకు ఒక శాఖ ఏర్పడింది. మూసీకి ఉత్తరాన, బ్రిటిష్ రెసిడెన్సీ ఉన్న వైపు, 1886లో చాదర్‌ఘాట్‌కు వేరే మున్సిపాలిటీ కూడా వచ్చింది. మరి ఉన్నవాటిని బలపరచకుండా పక్కన మరో సంస్థను ఎందుకు పెట్టారు?

కారణం 1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద. ఆ ఒక్క రోజులో పదిహేను వేల మంది దాకా చనిపోయారని అంచనా. (నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారన్నది అప్పటి ముచ్చటే.) మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించి, వరద మళ్లీ రాకుండా ఏం చేయాలో చెప్పమన్నారు. నగరానికి ఎగువన ఉన్న మూసీ పరీవాహక ప్రాంతంలో దాదాపు ఎనిమిది వందల చెరువులు ఉన్నాయనీ, వాటిలో రెండు వందలకు పైగా తెగిపోవడం వల్లే నీరు ఒక్కుమ్మడిగా మీద పడిందనీ ఆయన గుర్తించారు. ఎగువన రెండు జలాశయాలు కట్టాలనీ, నగరంలో నది ఒడ్డులను బాగుచేయాలనీ, మురుగు కాలువల వ్యవస్థ ఏర్పరచాలనీ సూచించారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మొదటిదాన్ని మనం గండిపేట అంటున్నాం.

వరదకు తోడు ప్లేగు కూడా వచ్చింది. అప్పటికే బొంబాయిలో ప్లేగు తర్వాత, 1898లో, మున్సిపాలిటీకి సంబంధం లేకుండా ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు పెట్టి, ఇరుకు బస్తీలను కొట్టివేసి రోడ్లు వేయడం మొదలుపెట్టారు. ఇక్కడి మండలిదీ ఇంచుమించు అదే బాట. పాతనగరంలో రాతి కమానులతో పత్తర్‌గట్టీ బజారు, నాంపల్లి, మల్లేపల్లి వైపు చౌక ఇళ్ల కాలనీలు దాని చేతి మీదుగా వచ్చినవే. నిజాం రెండో కుమారుడు మొజంజాహీ దానికి అధ్యక్షుడుగా ఉండేవారు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్ పేరు ఆయనదే.

ఆ మండలి చేసిన పని చిన్నది కాదు. పత్తర్‌గట్టీలో నిలబడి చూస్తే ఆ మాట అనడానికి ఎవరికీ మనసొప్పదు. కానీ అది ఒక అలవాటును కూడా వదిలి వెళ్లిందని నా అభిప్రాయం. నగరానికి పెద్ద కష్టం వచ్చినప్పుడల్లా ఉన్న మున్సిపాలిటీకి డబ్బు, నిపుణులు, అధికారం ఇవ్వకుండా, నేరుగా ప్రభుత్వానికే జవాబు చెప్పే కొత్త సంస్థను పక్కన నిలబెట్టడమే ఆ అలవాటు. పెరుగుతున్న నగరానికి ప్రణాళిక కావాలనగానే 1975లో హుడా (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) వచ్చింది. నీళ్లు, మురుగు నీటి పనులు 1989లో జలమండలికి వెళ్లాయి. మీ నీళ్ల బిల్లు వేరుగా రావడానికి కారణం ఇదే. 2008లో హుడానూ మరికొన్ని చిన్న సంస్థలనూ కలిపి ఏడు వేల చదరపు కిలోమీటర్లకు పైగా పరిధితో హెచ్ఎండీఏను (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) ఏర్పాటు చేశారు. మీ తమ్ముడు వెళ్లిన మూడో కార్యాలయం అదే అయి ఉంటుంది. చెరువుల ఆక్రమణలు పెద్ద వివాదమయ్యాక, వాటిని తొలగించే పనికి 2024లో ‘హైడ్రా’ అనే సంస్థ వచ్చింది.

బల్దియా పెరగలేదని కాదు. 1933లో చాదర్‌ఘాట్, 1960లో సికింద్రాబాద్ వచ్చి కలిశాయి. 2007లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలను, కొన్ని పంచాయతీలను కలపడంతో విస్తీర్ణం సుమారు 175 చదరపు కిలోమీటర్ల నుంచి 600కు పైగా పెరిగింది. ఒళ్లు మాత్రం పెరిగింది, చేతులు పెరగలేదు. 2002లో ఎన్నికలు జరిగే ముందు పదేళ్లకు పైగా ఎన్నికైన పాలకవర్గమే లేదు, అధికారులే నడిపించారు. ఎన్నికలు జరిగినప్పుడు కూడా కార్యనిర్వహణ అధికారం ప్రభుత్వం నియమించే కమిషనర్‌దే. మేయర్ సభకు అధ్యక్షత వహిస్తారు.

నగరపాలక సంస్థలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 74వ రాజ్యాంగ సవరణ దీన్ని మార్చలేదా అని మీరు అడగవచ్చు. ఆ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలు ఉన్నాయి. వాటిలో మొట్టమొదటిది పట్టణ ప్రణాళిక. నీటి సరఫరా కూడా ఉంది. అయితే వాటిని నగరపాలక సంస్థలకు రాష్ట్ర శాసనసభ ‘ఇవ్వవచ్చు’ అని రాశారే తప్ప ‘ఇచ్చి తీరాలి’ అని రాయలేదు. మీరు మూడు కార్యాలయాలు తిరగడానికి ఆ ఒక్క క్రియాపదం ఎంత కారణమో, 1912 నాటి అలవాటూ అంతే కారణం.

ప్రశ్న: మేము కార్ఖానాలో ఉంటున్నాం. చిరునామాలో సికింద్రాబాద్ అనే రాస్తాం. కానీ బల్దియా వార్డుల జాబితాలో మా వీధి లేదు. ఎందుకని?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: మీరు ఉన్నది కంటోన్మెంట్‌లో. నిజాం ఇలాకాలో బ్రిటిష్ సేనల విడిదిగా మొదలైన ఊరికి 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. తర్వాత ఆ విడిది చుట్టూ పెరిగిన పట్నానికి వేరే మున్సిపాలిటీ ఏర్పడి, 1960లో హైదరాబాద్‌లో కలిసింది. సైనిక ప్రాంతం కలవలేదు. కార్ఖానా, తిరుమలగిరి వంటి చోట్ల రోడ్డు, చెత్త, ఇంటి అనుమతి అన్నీ కంటోన్మెంట్ బోర్డు చూస్తుంది. అది 2006 నాటి కంటోన్మెంట్ల చట్టం ప్రకారం కేంద్ర రక్షణ శాఖ కింద నడుస్తుంది, సైనికాధికారి దానికి అధ్యక్షుడు. అందుచేత మీ ఫిర్యాదును బల్దియాకు ఇస్తే వాళ్లు తీసుకోకపోవడంలో తప్పేమీ లేదు.

ప్రశ్న: గండిపేట దగ్గర ఒక గ్రామంలో రెండు వందల గజాల స్థలం చూపించి, ‘111 జీవో ఎత్తేశారు, ఇక భయం లేదు’ అంటున్నారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, మెహిదీపట్నం

జవాబు: ఆ మాట మీదనే ఆధారపడి బయానా ఇవ్వకండి. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్‌లకు పది కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకుండా 1996 మార్చిలో ఆ ఉత్తర్వు ఇచ్చారు. ఆ పరిధిలో ఒక నూనెల పరిశ్రమ పెట్టడానికి ప్రభుత్వమే మినహాయింపు ఇవ్వబోతే 2000లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. 2022 ఏప్రిల్‌లో 69వ నంబరు జీవోతో ఆ ఆంక్షలు తొలగించినట్టు ప్రకటించినా, ఆ జీవోలోనే జలాశయాల రక్షణకు మార్గదర్శకాలు తయారు చేసే పనిని ఒక కమిటీకి అప్పగించారు. కాబట్టి ఒక్క జీవో నంబరు వల్ల మీ స్థలం ఇళ్ల స్థలం అయిపోదు.

మాస్టర్ ప్లాన్‌లో అది ఏ జోన్‌లో ఉందన్నదే అసలు ప్రశ్న. సర్వే నంబరుతో హెచ్ఎండీఏకు దరఖాస్తు చేసి భూ వినియోగ ధ్రువపత్రం తీసుకోండి. అందులో బయో కన్జర్వేషన్ జోన్ (పర్యావరణ రక్షణకు కేటాయించిన ప్రాంతం) అని వస్తే, లేఅవుట్ బొమ్మ ఎంత అందంగా అచ్చువేసినా ఇల్లు కట్టుకునే ఆశతో ఆ స్థలం కొనవద్దు. నివాస జోన్ అని వచ్చినా, లేఅవుట్‌కు తుది అనుమతి ఉందో లేదో, పార్కుకూ రోడ్లకూ వదిలిన స్థలం స్థానిక సంస్థ పేర రిజిస్టరయిందో లేదో చూసుకున్నాకే బేరం మాట్లాడండి.