మూడు బిందెలు ఎవరికోసం?

చిరంజీవికి,

నీ కథా, దాంతోపాటు పెట్టిన ఉత్తరమూ చేరాయి. ఉత్తరమే ముందు చదివాను. ఆరు నెలలుగా పొద్దున్నే మంచం దిగాలంటే కాళ్ళు రావట్లేదన్నావు. లోకం అంతమైపోయే కథలు తప్ప ఇంకేవీ చదవలేకపోతున్నాననీ, అందుకే అలాంటిదే రాశాననీ అన్నావు. ఇవి రాస్తే డిప్రెషన్ ఇంకా ముదురుతుందా అని అడిగావు.

ముందు ఆ సంగతే మాట్లాడుకుందాం. దాన్ని కథలతో నయం చేసుకోవాలని చూడకు. నలభై రెండేళ్ళప్పుడు నాకూ వచ్చింది. ఏడాది పైగా ఒక్క వాక్యం రాయలేదు. ఎవరైనా గుర్తుచేస్తేనే అన్నం తినేదాన్ని. బాధలోంచే మంచి రచన వస్తుందన్న మాట పట్టుకుని, డాక్టర్ దగ్గరికి వెళ్ళకుండా ఎనిమిది నెలలు పోగొట్టుకున్నాను. మందులు వాడితే రాత మొద్దుబారుతుందని భయపడ్డాను. అలా ఏమీ జరగలేదు, మెల్లగా వాక్యాలు తిరిగొచ్చాయి. నువ్వు ఆలస్యం చెయ్యకు నాయనా. రాత్రిపూట మరీ భరించలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి. టెలి మానస్ అని, ప్రభుత్వం నడిపేదే. ఏ వేళప్పుడైనా చెయ్యొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక కథ. ఉప్పెనలో ఊరు కొట్టుకుపోయింది. మిగిలిన పదకొండు మందీ రెండో పేజీకల్లా బియ్యం మూట కోసం కత్తులతో పొడుచుకున్నారు. నీ వాక్యంలో బలం ఉంది, అది నిజం. కానీ నేను ఆ పేజీ నమ్మలేదు.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. అవనిగడ్డ దగ్గర అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాను, నాకు తొమ్మిదేళ్ళు. లెక్కల్లోకి వచ్చినవాళ్ళే 10,000 మంది దాకా పోయారు. బావులన్నీ ఉప్పగా అయిపోతే, పడిపోయిన చెట్ల కొబ్బరికాయలు కొట్టుకుని ఆ నీళ్ళే తాగాం. అప్పటికి మా అమ్మమ్మకి తన ఇద్దరు కొడుకుల జాడ తెలియదు. ఆ మూడోరోజు పొద్దున ఆవిడ ఎవరి పిల్లలో తెలియని పిల్లల్ని వరసగా కూర్చోబెట్టుకుని, తలల్లో బురద కడిగి, జడలు వేసింది. రిబ్బన్లు లేవు. చీర అంచు చింపి కట్టింది. ఎక్కడెక్కడినుంచో వచ్చిన కుర్రాళ్ళు ముక్కులకి గుడ్డలు కట్టుకుని, పేరూ ఊరూ తెలియని శవాలకి దహనాలు చేశారు. శవాల మీద నగలు ఒలుచుకున్నవాళ్ళూ ఉన్నారని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. అదీ రాయి. అదొక్కటే రాస్తే మాత్రం మా అమ్మమ్మ ఏమైపోయింది?

నాకు బాగాలేని రోజుల్లో మేరీ షెల్లీ అనే ఇంగ్లీషు రచయిత్రి రాసిన ‘ది లాస్ట్ మ్యాన్’ నవల చేతికొచ్చింది. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ రాసినావిడే. ఇది 1826లో అచ్చయింది. అప్పటికి ఆవిడకి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. ముగ్గురు పిల్లలు పోయారు. 1822లో ఇటలీ తీరంలో పడవ మునిగి భర్త పోయాడు. 1824లో స్నేహితుడు, కవి బైరన్ గ్రీసులో పోయాడు. మిగిలింది ఒక్క కొడుకు. ఆ దుఃఖాన్నంతా ఇరవై ఒకటో శతాబ్దం చివరిదాకా మోసుకెళ్ళి, మహమ్మారి వచ్చి మనుషులంతా పోయినట్టు రాసింది. చివరికి వెర్నీ అనే ఒక్కడు మిగులుతాడు.

రోమ్ బయటి మైదానంలో వెర్నీకి ఒక కుక్క కనిపిస్తుంది. కాపరి చనిపోయాడు. అది మాత్రం ఆయన వస్తాడనే ఎదురుచూస్తూ, దారి తప్పిన గొర్రెని మళ్ళీ మందలోకి తోలుతూ కాపలా కాస్తోంది. ఆ పేజీ దగ్గర ఆగిపోయి ఏడ్చాను. అంతకుముందు ఎన్నో నెలలుగా నాకు ఏడుపు కూడా రాలేదు. ఆశ గురించి ఆవిడ ఆ చోట ఉపన్యాసం ఇచ్చి ఉంటే పేజీ తిప్పేసేదాన్ని. వెర్నీ కూడా, చదివేవాళ్ళు లేరని తెలిసే కూర్చుని తన కథ రాస్తాడు. తర్వాత హోమర్‌నీ షేక్‌స్పియర్‌నీ వెంట పెట్టుకుని, ఎక్కడైనా ఇంకో మనిషి ఉంటాడేమోనని ఆ కుక్కతో పడవెక్కుతాడు.

ముగింపు మార్చమని నేను అడగను. అందరూ పోతే పోనీ. చివర్లో సూర్యోదయం పెట్టి నన్ను ఊరడించకు. ‘శూన్యం’ అన్న మాట పంతొమ్మిదిసార్లు వాడావు, రెండుంచి మిగతావి కొట్టెయ్యి. వాటి బదులు, లేచి మొహం కడుక్కోవడానికి ఎంత బలం కావాలో రాయి. అది ఇప్పుడు నాకన్నా నీకే బాగా తెలుసు. ఆ పదకొండు మందిలో ఎవరో ఒకరు అంత బరువునీ మోస్తూ లేచి, పక్కవాడి కోసం ఒక పని చెయ్యనీ. ఎంత చిన్నదైనా పరవాలేదు.

నీ నాలుగో పేజీలో బావి దగ్గర ఒక ముసలమ్మ నీళ్ళు తోడుతూ ఒక్క వాక్యంలో కనిపించి మాయమైపోతుంది. ఉప్పెన తర్వాత ఆ నీళ్ళు నోట పెట్టలేరు, అది దిద్దుకో. ముసలమ్మని మాత్రం తీసెయ్యకు. మూడు బిందెలు తోడిందని రాశావు. ఒంటరి మనిషి కదా, మూడు బిందెలు ఎవరికోసం? ముందు డాక్టర్ని కలిసి, ఏమన్నారో నాకు రాయి. ఆ తర్వాత ఈ పేజీ పంపు.

ప్రేమతో,
అమ్మ