చెవిలో మోత ఉన్నవాళ్లు ఎలాంటి హెడ్‌ఫోన్స్ తీసుకోవాలి?

మీరు అడిగింది ఇది: ఇయర్‌బడ్స్‌తో కాసేపు పాటలు వింటే చెవిలో కీమనే మోత పెరుగుతోంది, నాయిస్ క్యాన్సిలింగ్‌వి (బయటి హోరును తగ్గించేవి) తీసుకోవాలా, బోన్ కండక్షన్‌వి (చెవి మూయకుండా ఎముక ద్వారా శబ్దం పంపేవి) తీసుకోవాలా అని. నేనూ ఈ మోతతో, అంటే టిన్నిటస్‌తో ఉంటూనే రోజూ హెడ్‌ఫోన్స్ వాడేవాణ్ణి కాబట్టి సూటిగా చెబుతాను. ముందు రకం సంగతి పక్కన పెట్టి, ఎక్కడ కూర్చుని వింటారో చూసుకోండి. నిశ్శబ్దంగా ఉండే గదికి పనికొచ్చే జత బస్సులో పనికిరాదు, బస్సులో పనికొచ్చేది గదిలో ఇబ్బంది పెడుతుంది.

కొనేముందు ఒక ముఖ్యమైన మాట. మోత ఒకే చెవిలో ఉన్నా, నాడి కొట్టుకున్నట్టు లయగా వినిపిస్తున్నా ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం తగ్గితే ఆగకుండా అదే రోజు వెళ్లండి. ఆలస్యమయ్యేకొద్దీ వినికిడి తిరిగొచ్చే అవకాశం తగ్గిపోతుంది. గులిమి అడ్డుపడినా మోత వస్తుంది, ఇయర్‌బడ్స్ దాన్ని ఇంకా లోపలికి నెడతాయి. పనిలో పనిగా ఆడియోగ్రామ్ (ఏ శబ్దం ఎంతవరకు వినపడుతోందో చూపే వినికిడి పరీక్ష) కూడా తీయించుకోండి.

ఇప్పుడు మీ మోత ఎందుకు పెరుగుతోందో తేల్చుకోవాలి. ఇయర్‌బడ్స్ పెట్టుకుని, ఏమీ ప్లే చేయకుండా పది నిమిషాలు కూర్చోండి. పెట్టుకోగానే మోత పెద్దదై, తీయగానే మామూలైపోతే తప్పు వాల్యూమ్‌ది కాదు, చెవి మూసుకుపోవడానిది. ఫ్యాన్ గాలి, వీధి అలికిడి లాంటి చిన్న చిన్న శబ్దాలే మోతను కొంత కప్పి ఉంచుతాయి. అవి ఆగిపోయాక మోత ఒక్కటే మిగులుతుంది. పైగా మూసిన చెవిలో మన గొంతు, నమలడం, గుటక కూడా గట్టిగా వినిపిస్తాయి. అలా కాకుండా వింటున్నంతసేపూ బాగానే ఉండి, తీసేశాక గంటల తరబడి మోత ఎక్కువగా ఉంటే, ముఖ్యంగా మర్నాడు పొద్దున కూడా తగ్గకపోతే, వాల్యూమ్ ఎక్కువైందని అనుకోవాలి. రెండింటికీ మందు వేరు.

మొదటి రకం ఇబ్బందికి, గదిలో వినడానికి, ఓపెన్ బ్యాక్ హెడ్‌ఫోన్స్‌ని మించినవి లేవు. కప్పుల వెనకవైపు జాలీ ఉంటుంది, గది శబ్దం లోపలికి వస్తూనే ఉంటుంది, చెవి మూసుకున్నట్టు ఉండదు. పక్కవాళ్లకు మీ పాట వినిపిస్తుంది, అదొక్కటే లోటు. వీటినే బయట వాడారంటే మాత్రం ట్రాఫిక్ హోరును దాటించడానికి వాల్యూమ్ పెంచుకుంటూ పోతారు. అక్కడే చెవికి దెబ్బ తగులుతుంది.

బయట వాడటానికి సీల్ బాగా కుదిరే, అంటే చెవిలో సందు లేకుండా ఇమిడే ఇయర్‌బడ్స్ గానీ, నాయిస్ క్యాన్సిలింగ్ ఉన్నవి గానీ కావాలి. క్యాన్సిలింగ్ బాగా పనిచేసేది ఇంజన్, ఏసీ లాంటి ఆగకుండా వచ్చే మంద్ర శబ్దాల మీద, సుమారు 1,000 హెర్ట్జ్ లోపు. మాటలు, హారన్లు చాలావరకు వచ్చేస్తాయి. దాని లాభం మోత తగ్గించడంలో లేదు, వాల్యూమ్ తగ్గించుకోనివ్వడంలో ఉంది. అందుకే ఆన్ చేయగానే చేత్తో వాల్యూమ్ తగ్గించండి. చాలామంది పాత వాల్యూమ్‌లోనే వదిలేస్తారు. నిశ్శబ్దంలో మాత్రం దాన్ని పూర్తిగా ఆపేయండి, లేదా బయటి శబ్దం వినిపించే యాంబియంట్ మోడ్‌కి మార్చండి. కొన్ని మోడళ్లలో ఈ రెండు మోడ్‌లే ఉండి, పూర్తిగా ఆఫ్ చేసే వీలుండదు, అవి వద్దు. క్యాన్సిలింగ్ ఆన్ చేసినప్పుడు చెవి లోపల నొక్కినట్టు అనిపించేవాళ్లు కొందరుంటారు. గాలి పీడనం ఏమీ మారదు, కానీ ఇబ్బంది నిజమే. క్యాన్సిలింగ్ స్థాయి తగ్గించే వీలున్నది చూసుకోండి.

బోన్ కండక్షన్ చెవికి హాని చేయదని ప్రచారం ఉంది. అది నమ్మకండి. కర్ణభేరిని తప్పించి వచ్చినా శబ్దం చేరేది లోపలి చెవిలోని అదే కాక్లియాకు, అలసిపోయేవి అవే వినికిడి కణాలు. చెవి తెరిచి ఉంటుంది కాబట్టి ఇంట్లో పాడ్‌కాస్ట్‌లకు, నడకకు మంచివే. గోల ఉన్నచోట వాల్యూమ్ పెంచేస్తారు, అక్కడ వద్దు.

టోన్ గురించి, అంటే ఏ స్థాయి శబ్దాన్ని హెడ్‌ఫోన్ ఎంత ఎత్తి వినిపిస్తుందన్న దాని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నా దృష్టిలో సగం ఎంపిక ఇక్కడే ఉంది. మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య అన్నిటికన్నా చురుకుగా ఉంటుంది. పెద్ద శబ్దాల వల్ల వచ్చే నష్టం ఆడియోగ్రామ్‌లో మొదట కనిపించేది కూడా 3,000–6,000 మధ్య, ఎక్కువగా 4,000 దగ్గర. ఆ ప్రాంతంలోనో ఇంకొంచెం పైనో శబ్దం ఎత్తి చూపే హెడ్‌ఫోన్స్ చెవిని గుచ్చుతాయి. వార్తలు చదివే గొంతు పెట్టి 'స', 'ష' అక్షరాలు వినండి. ఈలలా కోస్తున్నట్టుంటే వేరేది చూడండి, లేదా ఈక్వలైజర్‌లో (ఒక్కో స్థాయి శబ్దాన్ని విడిగా పెంచి తగ్గించే సెట్టింగ్‌లో) ఆ పట్టీని 2–4 డెసిబెల్స్ దించండి. దీనికి ఎదురు తప్పు ఇంకొకటి ఉంది: ఆడియోగ్రామ్‌లో పై స్థాయి శబ్దాల వినికిడి తగ్గిందని ఈక్వలైజర్‌లో దాన్ని 10 డెసిబెల్స్ ఎత్తేయడం. దెబ్బతిన్న చోటే ఇంకా గట్టిగా కొట్టినట్టవుతుంది. ఒక చెవి తక్కువగా వింటుంటే మొత్తం వాల్యూమ్ పెంచొద్దు, ఫోన్ యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో మోనో ఆడియో (రెండు చెవులకూ ఒకే శబ్దం వచ్చేది) ఆన్ చేసి, బ్యాలెన్స్ సరిచూసుకోండి. ఒకే బడ్ పెట్టుకుని వినే అలవాటుంటే మానేయండి, తెలియకుండానే వాల్యూమ్ పెరుగుతుంది.

తల పైనుంచి పెట్టేవాటిలో బిగుతు చూసుకోండి. చాలామందికి దవడ బిగిస్తే మోత మారుతుంది. పళ్లు కొరికి చూస్తే తెలిసిపోతుంది. మీకూ అలాగే ఉంటే ప్యాడ్ దవడ కీలు మీద నొక్కనిది, లోపలి ఖాళీలో చెవి మొత్తం ఇమిడేది తీసుకోండి.

బ్లూటూత్‌వి అయితే ఆన్ చేసేటప్పుడు, బ్యాటరీ అయిపోయేటప్పుడు వచ్చే బీప్ ఎంత గట్టిగా ఉందో కొనేముందే వినండి. కొన్నింటిలో పాట ఎంత చిన్నగా పెట్టినా బీప్ తగ్గదు. యాప్‌లో తగ్గించే వీలుందో లేదో చూడండి. కొన్ని హెడ్‌సెట్ల వాల్యూమ్ ఫోన్‌తో కలవదు, రెండూ వేరువేరుగా ఉంటాయి. అలాంటప్పుడు హెడ్‌సెట్‌ది తగ్గించి పెట్టుకుంటే ఫోన్‌లో పొరపాటున ఫుల్ అయినా చెవి బతుకుతుంది.

వాల్యూమ్ 60 శాతం దాటొద్దన్న సలహాను గట్టిగా పట్టుకోకండి. ఒక జతలో 60 శాతం మెల్లగా, ఇంకో జతలో చెవులు పగిలేలా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐటీయూ (అంతర్జాతీయ టెలికాం సంస్థ) కలిసి 2018లో తెచ్చిన ప్రమాణంలో పెద్దవాళ్లకు వారానికి 80 డెసిబెల్స్ దగ్గర 40 గంటలు, సున్నితమైనవాళ్లకు 75 దగ్గర 40 గంటలు అని ఉంది. 3 డెసిబెల్స్ పెరిగిన ప్రతిసారీ గంటలు సగమైపోతాయి: 83 దగ్గర 20, 86 దగ్గర 10, 89 దగ్గర 5. మోత ఉన్నవాళ్లు 75 లెక్కే పాటించడం మంచిదని నా అభిప్రాయం. ఐఫోన్‌లో సౌండ్స్ సెట్టింగ్స్‌లోని హెడ్‌ఫోన్ సేఫ్టీలో పరిమితిని 75 దాకా దించొచ్చు. శామ్‌సంగ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్ లిమిట్ ఉంటుంది, కానీ అది డెసిబెల్స్‌లో ఉండదు.

పడుకునేముందు మోతను మరిపించడానికి వాన శబ్దమో, ఫ్యాన్ శబ్దమో పెట్టుకుంటే మోత పూర్తిగా మునిగిపోయేంత గట్టిగా పెట్టొద్దు. మోత లీలగా వినిపిస్తూ, పక్కన ఈ శబ్దం కలిసిపోయేంత చాలు. దానికైతే హెడ్‌ఫోన్ కన్నా మంచం పక్కన చిన్న స్పీకరే మేలు.

కొత్త జత తెచ్చాక, వెనక్కి ఇచ్చే గడువు ఉండగానే పరీక్షించండి. నిశ్శబ్దమైన గదిలో ఏమీ ప్లే చేయకుండా పావుగంట, తర్వాత తక్కువ వాల్యూమ్‌లో మాటలు మాత్రమే అరగంట, ఇంకో రోజు పాటలు. మాటలు స్పష్టంగా వినిపించడానికి వాల్యూమ్ పెంచాల్సి వస్తే బేస్ ఎక్కువై గొంతును కప్పేస్తోందని అర్థం. ఇయర్‌బడ్స్ అయితే సీల్ కుదరలేదేమో చూడాలి, టిప్ సైజు మార్చి ఇంకోసారి వినండి. రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు.