టోక్యోలో సాయంత్రం ఆరు దాటాక ఏటీఎం

తమ్ముడూ, దిగి పది రోజులైంది, మన కార్డు పెడితే సందు చివర బ్యాంకు ఏటీఎం బయటికి తోసేస్తోంది, కార్డు పాడైందా అని అడిగావు. కార్డుకేం కాలేదు. ఇక్కడ చాలా బ్యాంకుల ఏటీఎంలు బయటి దేశాల కార్డులు తీసుకోవు. సెవెన్ ఎలెవెన్ కొట్లో ఉన్న మిషన్‌కో పోస్టాఫీసు మిషన్‌కో వెళ్ళు, ఇంగ్లీషు కూడా ఉంటుంది. ముందు యాప్‌లో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేశావా చూసుకో, 2020లో ఆర్‌బీఐ రూల్ వచ్చినప్పటి నుంచి కొత్త కార్డులకు అది ఆఫ్‌లోనే వస్తుంది. రూపాయల్లోనా యెన్లలోనా అని మిషన్ అడిగితే కళ్ళు మూసుకుని యెన్లు అను. రూపాయలంటే రేటు వాళ్ళిష్టం.

నేను 2012లో వచ్చాను. చెప్పేవాడు లేడు. కంపెనీ వాళ్ళు అకౌంట్ తెరిపించి, కార్డూ పాస్‌బుక్కూ చేతిలో పెట్టారు. మొదటిసారి డబ్బు తీద్దామని వెళ్తే స్క్రీన్ నిండా జపనీస్, పై రెండు బటన్లూ ఒకే అక్షరంతో మొదలవుతున్నాయి. ఏదో ఒకటి నొక్కాను. కార్డు పెట్టగానే కింద మూత గర్‌ర్‌మని తెరుచుకుంది, లోపల చూస్తే ఖాళీ. డబ్బు వస్తుందని నేను నిలబడ్డాను, నేను వేస్తానని అది నిలబడింది! వెనకాల ఆరుగురు క్యూలో ఉన్నారు, ఒక్కరూ నోరు మెదపలేదు, అదే ఇంకా సిగ్గు. నేను నొక్కింది 'ఒఅజుకెయిరె', అంటే డిపాజిట్. నీక్కావాల్సింది 'ఒహికిదాషి'. ఈ ఒక్క మాట ఇవాళే నేర్చుకో, మిగతా జపనీస్ నిదానంగా రావచ్చు.

అసలు దెబ్బ అది కాదు. మన అలవాటు తెలుసుగా, జేబులో ఎక్కువుంటే ఖర్చయిపోతుందని రోజూ ఆఫీసు నుంచి వస్తూ వెయ్యి యెన్లు తీసేవాణ్ణి, ఎంత పొదుపుగా బతుకుతున్నానో అని మా అమ్మకు ఫోన్‌లో గొప్పగా చెప్పుకునేవాణ్ణి కూడా. నెలాఖరున పాస్‌బుక్ మిషన్‌లో పెడితే అది టకటకా ప్రింటు కొడుతూనే ఉంది. వెయ్యి, దాని కింద 105. మళ్ళీ వెయ్యి, 105. సాయంత్రం ఆరు దాటితే, శనాదివారాలైతే, సొంత బ్యాంకు మిషన్‌లోనే ఛార్జీ అట. అప్పటి లెక్కన ఒక్కోసారికీ 70 రూపాయలు! వెయ్యి తీయడానికి నూట అయిదు ఇచ్చే తెలివైనవాణ్ణి ఈ నగరంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ఇప్పుడు పన్ను పెరిగి అది 110 అయింది, వేరే బ్యాంకు మిషన్ అయితే ఇంకా ఎక్కువ. వేళలు ఒక్కో బ్యాంకుకి ఒక్కోలా ఉంటాయి, నీ బ్యాంకు సైట్‌లో చూసుకో. ఇప్పటి పిల్లలు ఫోన్‌తోనే డబ్బు కట్టేస్తామంటారు, సరే, రామెన్ నూడుల్స్ కొట్టు ముందు తిండికి టికెట్ ఇచ్చే మిషన్ వెయ్యి యెన్ల నోటే తీసుకుంటానన్నప్పుడు తెలుస్తుంది.

ఆ ఏడు డిసెంబరు 31న ఇంకో పాఠం. మా బ్యాంకు ఏటీఎం షట్టర్ దించేసి ఉంది, మీద వంగి దణ్ణం పెడుతున్న కార్టూన్ బొమ్మ, జనవరి 3 దాకా సెలవని నోటీసు. నా దగ్గర 640 యెన్లు. సెవెన్ ఎలెవెన్‌కి పరిగెత్తితే మా బ్యాంకు కార్డు అక్కడా పనిచేయలేదు. చివరికి సూట్‌కేసు అడుగున పడున్న ఇండియా డెబిట్ కార్డు కాపాడింది, పది వేల యెన్లకు ఛార్జీలూ, మార్కప్ అని రేటు మీద బ్యాంకు వేసే అదనమూ కలిపి మూడు వందల రూపాయల పైనే పీకారు. ఏడుస్తూనే ఇచ్చుకున్నాను. ఆ కార్డు పారేయకు, ఇండియా సిమ్ కూడా, ఓటీపీ దానికే వస్తుంది.

వీసా రెన్యూ అయ్యాక కొత్త రెసిడెన్స్ కార్డు బ్యాంకుకి చూపించడం మర్చిపోకు, లేదంటే అకౌంట్ ఆపేస్తారు. నీ క్యాష్ కార్డు, అంటే ఇక్కడి బ్యాంకు ఏటీఎం కార్డు, ఫ్రెండుకి కూడా ఇవ్వకు, ఇక్కడ అది కేసు కావచ్చు.

జీతం పడగానే వారానికి సరిపడా, మధ్యాహ్నం లంచ్ టైములో ఒకేసారి తీసుకో. ఏడాది చివర అయితే 30 లోపే. అయినా మర్చిపోతే నిషికసాయ్‌లో మా ఇంటికి వచ్చెయ్, నేనిస్తాను. వడ్డీ వద్దులే, 110 యెన్లు మాత్రం తీసుకుంటా.