చిన్న తెగల్లో డీఎన్ఏ పరీక్షను నమ్మవచ్చా?

"చెంచుల్లాంటి చిన్న తెగల్లో అందరూ చుట్టాలే కదా, డీఎన్ఏతో ఒక్క మనిషిని కచ్చితంగా గుర్తించగలరా?" అని అడిగారు. గుర్తించగలరు. కాకపోతే లెక్క ఏ జనాభా పట్టికతో (ఏ రకం డీఎన్ఏ ఎంతమందిలో ఉందో చెప్పే పట్టిక) కట్టారో చూడాలి.

నేను హైదరాబాద్‌లో ఒక డీఎన్ఏ ల్యాబ్‌లో ఎనిమిదేళ్లు పనిచేశాను. ఒకసారి నల్లమలలోని ఒక పెంట (చెంచుల గూడెం) నుంచి కేసు వచ్చింది. ఒక పిల్లాడికి తండ్రి ఎవరో తేల్చాలి. నేను బుగ్గ లోపల దూదిపుల్లతో శాంపిల్ తీస్తుంటే, వెంట వచ్చిన పెద్దాయన అన్నాడు: "మా అందరిదీ ఒక్క నెత్తురే సారూ, మీ మిషన్‌కి తేడా ఎట్ల తెలుస్తది?"

ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది. మన డీఎన్ఏలో కొన్ని చోట్ల చిన్న ముక్క వరసగా మళ్లీ మళ్లీ వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది మనిషి మనిషికీ మారుతుంది. ఎఫ్‌బీఐ 2017 నుంచి ఇలాంటి 20 చోట్లు చూస్తోంది. తరతరాలుగా తమలో తామే, మేనరికాలతో పెళ్లిళ్లు చేసుకునే చిన్న సమూహంలో కొన్ని రకాలు (అంటే ఎన్నిసార్లు వస్తుందన్న అంకెలు) ఎక్కువమందిలో కనిపిస్తాయి. ఉదాహరణకు, ఒక రకం మామూలు పట్టికలో నూటికి 10 ఉంటే, తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే వచ్చినవాళ్లు వందలో ఒక్కరు. తెగలో అది నూటికి 30 అయితే, వందలో తొమ్మిది మంది. ఒక్క చోటే ఇంత తేడా! అన్ని చోట్ల లెక్కలూ గుణిస్తే వచ్చే అంకె గట్టిగానే ఉంటుంది, కానీ మామూలు పట్టికతో రిపోర్టులో రాసినంత గొప్పగా ఉండదు. అమెరికాలో 1996 నాటి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ నివేదిక ఇందుకే మామూలు జనాభాకు 0.01, చిన్న, విడిగా ఉన్న సమూహాలకు 0.03 సవరణ (లోలోపలి చుట్టరికాన్ని లెక్కలోకి తెచ్చే అంకె) వాడమంది. ముద్దాయి బతుకు ఆ అంకె మీద ఆధారపడినప్పుడు దీన్ని చిన్న విషయంగా వదిలేయకూడదు.

మగవాళ్లలోనే ఉండే వై క్రోమోజోమ్‌తో ఇంకా జాగ్రత్త. అది తండ్రి నుంచి కొడుక్కి దాదాపు యథాతథంగా వస్తుంది కాబట్టి అన్నదమ్ములు, బాబాయిలు, వాళ్ల కొడుకులు అందరిదీ ఒకటే. పెంటలో సగం మంది మగవాళ్లది ఒకే ఇంటిపేరైతే అది ఒక్కడిని పట్టివ్వదు.

మా కేసులోనూ తండ్రి అని అనుకున్న మనిషి వై పిల్లాడి వైతో సరిపోయింది. అంతటితో రిపోర్ట్ రాసేయమని ఒత్తిడి వచ్చింది. మిగతా చోట్లు చూస్తే నాలుగింట్లో తేడా ఉంది. పట్టుబట్టి అతని అన్న శాంపిల్ తెప్పించాం. అన్ని చోట్లా సరిపోయింది ఆ అన్న శాంపిలే.