అల్లుడూ, లక్ష పెట్టేముందు ఆ పాత బ్యాగు ఓసారి విప్పు

ఒరేయ్ అల్లుడూ,

ఫొటోలు రాత్రే చూశాను. మీ నాన్న గోల్ఫ్ బ్యాగే కదా అది, బావ మోకాళ్లు మొరాయించి ఆట మానేశాక అటక మీద పడేసింది. అవి పనికిరావు, కొత్త సెట్ లక్షట, ఈఎంఐలో తీసుకుంటానంటున్నావు. ముడసర్లోవ గోల్ఫ్ కోర్సులో మూడు నెలలు బంతులు కొట్టావో లేదో అప్పుడే తప్పంతా క్లబ్బులదేనా, అదే బంతి కొట్టే ఆ కర్రలదేనా? ఆడలేక మద్దెల ఓడన్నాట్ట ఎవడో. కోపం తెచ్చుకోకు, ఒకప్పుడు నేనూ అదే మాట అన్నవాణ్ణే.

ముందు ఆ 'సెట్' అనే మాట మర్చిపో. రూల్ ప్రకారం బ్యాగులో 14 దాకా పెట్టుకోవచ్చు గానీ నీకిప్పుడు ఏడెనిమిది చాలు. కాబట్టి మొత్తం ఉంచాలా మార్చాలా అని బుర్ర పాడుచేసుకోకుండా, ఒక్కొక్కటీ బయటికి తీసి దాని సంగతి తేల్చు.

మన వైజాగ్‌లో మొదట చూడాల్సింది తుప్పు. ఈ ఉప్పుగాలికి కిటికీ ఊచలే ఆగవు, ఇవి ఆగుతాయా. క్లబ్బు తల మీద, అంటే బంతికి తగిలే చివర, పైపైన పట్టిన చిలుము వెనిగర్‌లో ముంచిన గుడ్డతో రుద్దితే పోతుంది, తర్వాత కడిగి, బాగా ఆరబెట్టి, చుక్క నూనె రాయి. దానికి భయపడక్కర్లేదు. భయపడాల్సింది స్టీల్ షాఫ్ట్, అదే క్లబ్బు పొడుగాటి కాడ, దాని లోపలి తుప్పుకి. షాఫ్ట్ లోపల గొట్టంలా బోలుగా ఉంటుంది, చేత్తో పట్టుకునే రబ్బరు తొడుగు, అదే గ్రిప్, దాని చివర చిన్న రంధ్రం ఉంటుంది, నీళ్లు అందులోంచే దిగుతాయి. పైన క్రోమ్ అద్దంలా మెరుస్తుంటే లోపల తినేస్తూ ఉంటుంది.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు నా బ్యాగు స్టోర్ రూములో తడిసి ముద్దయింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఆ పరిస్థితిలో గోల్ఫ్ గుర్తొస్తుందా? కొన్ని నెలల తర్వాత తీసి, పైన తుడిచి, బాగానే ఉన్నాయనుకుని ప్రాక్టీసుకి వెళ్లాను. సెవెన్ ఐరన్‌తో, అంటే ఇనప తల క్లబ్బుల్లో ఏడో నంబరుదానితో, నాలుగో బంతి కొట్టగానే చేతిలో బరువు ఒక్కసారి మాయమైంది. తల ఎగిరి పక్కన నిలబడ్డ కేడీ కుర్రాడి, అదే బ్యాగు మోసేవాడి, కాళ్ల దగ్గర పడింది. ఇంకో రెండడుగులు ఇటు వచ్చి ఉంటే నాకు ఈ ఉత్తరం రాసే ముఖం ఉండేది కాదు. విరిగిన చోట చూస్తే లోపలంతా ఎర్రటి పొడి, అంచున కాగితం మందాన తెల్లటి ఇనుము మిగిలింది, అంతే. అందుకే గ్రిప్ తీశాక షాఫ్ట్‌ను తలకిందులు చేసి నేల మీద తట్టు. తుప్పు పెచ్చులు రాలితే, లేదా తల అతుక్కునే చోటుకి కాస్త పైన గుంటలు పడి ఉంటే, ఆ షాఫ్ట్ చెత్తలోకే.

గ్రిప్పులకి వస్తే, బొటనవేలి గోరు నొక్కి చూడు. దిగకుండా గాజులా ఉంటే మార్చేయాలి, సగం మంది ఆట పాడయ్యేది ఇక్కడే, ఎందుకంటే జారుతుందన్న భయంతో బిగించి పట్టుకుంటారు. పని ఇంట్లోనే అవుతుంది. కొక్కెం బ్లేడుతో నీకు అవతలివైపుకి కోసి, పాత టేపు గీకేసి, రెండువైపులా అంటుకునే టేపు చుట్టు. కొత్త గ్రిప్ రంధ్రాన్ని వేలితో మూసి లోపల టర్పెంటైన్ పోసి ఊపు, ఆ మిగిలింది టేపు మీదే పోసి, తడిగా ఉండగానే ఒక్క ఊపులో ఎక్కించేయ్. మధ్యలో ఆగావంటే ఇక అది ముందుకూ రాదు, వెనక్కీ రాదు. కిరోసిన్ మాత్రం వద్దు, జిడ్డు మిగులుతుంది.

తల కదులుతుంటే ఎపాక్సీ జిగురుతో అతికించొచ్చు. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం కాదు, ఒక రోజంతా తీసుకునేది వాడు. కార్బన్ పీచుతో చేసే గ్రాఫైట్ షాఫ్ట్‌ని మాత్రం మంట దగ్గరికి పోనివ్వకు. నేనో వెల్డింగ్ షాపులో ఇస్తే గ్యాస్ మంట పెట్టేశాడు, షాఫ్ట్ కాస్తా కాలిన చీపురు పుల్లల్లా విచ్చుకుంది.

షోరూములో కొత్త సెవెన్ ఐరన్ ఇస్తారు, బంతి పది గజాలు ఎక్కువ పోతుంది, నువ్వు పడిపోతావు. లాఫ్ట్ ఎంతో అడుగు, అంటే తల ముఖం వెనక్కి వాలిన కోణం, అది తగ్గేకొద్దీ బంతి దూరం పోతుంది. పాతవాటిలో సెవెన్ అంటే 34, 35 డిగ్రీలు, ఇప్పుడు చాలా కంపెనీలవి 30, అంతకన్నా తక్కువే. అంటే మీద 7 అని రాసి నీకు పాత సిక్స్, ఒక్కోసారి ఫైవ్ అమ్ముతున్నారన్నమాట.

డ్రైవర్, అదే అన్నిటికన్నా దూరం కొట్టే పెద్ద తల క్లబ్బు, దాని విషయంలో మాత్రం నీదే రైటు. బావది బుల్లి తల, ఇప్పటివి 460 సీసీ, అదే రూల్ ఇచ్చిన హద్దు, మధ్యలో తగలకపోయినా బంతి మరీ పక్కకి పోదు. అదొక్కటి కొను, సెకండ్‌హ్యాండ్‌దైనా సరే, బంతి తగిలే ముఖం మీద పగుళ్లు లేకుండా చూసుకుని. ఇంకోటి, నువ్వు బావకన్నా బాగా పొడుగు. ఐరన్ నేల మీద పెట్టినప్పుడు తల ముందు కొస నేలకి ఆని మడమ, అదే షాఫ్ట్‌కి అతుక్కున్న వైపు, పైకి లేస్తుంటే చెప్పు, అప్పుడు కొత్త ఐరన్స్ గురించి నిజంగానే మాట్లాడదాం. నాలుగైదు షాఫ్టులు పోయినట్టు తేలినా అంతే, వాటికి పెట్టే డబ్బుతో పాత సెట్టే ఇంకోటి వస్తుంది.

ఆదివారం పొద్దున్నే ఎండెక్కకముందు బ్యాగు పట్టుకుని వచ్చేయ్. టేపు, బ్లేడు నా దగ్గరున్నాయి, టర్పెంటైన్ నువ్వు తెచ్చుకో. మీ అత్తయ్యకి ఆ వాసన పడదు, డాబా మీద చేసుకుందాం.

మీ మామయ్య