ముందు ప్రిసెప్టర్, తర్వాతే ఫీజు

ప్రశ్న: గుంటూరులో బీఎస్సీ నర్సింగ్ చేశాను. నాలుగేళ్లుగా డల్లాస్‌లో ఆర్‌ఎన్‌ని (రిజిస్టర్డ్ నర్సుని). ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ (అన్ని వయసుల రోగుల్నీ పరీక్షించి మందులు రాసే నర్సు) అయి, కొన్నాళ్లకు పాఠాలు కూడా చెప్పాలని ఉంది. ఉద్యోగం మానకుండా ఆన్‌లైన్‌లో ఎమ్మెస్సెన్ (నర్సింగ్‌లో మాస్టర్స్) చేయొచ్చా?
ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: పాఠాలు ఆన్‌లైన్‌లో వినొచ్చు. రోగుల్ని చూసే గంటలకు మాత్రం క్లినిక్‌కు వెళ్లాల్సిందే. ఇదివరకు 500 గంటలు చాలనేవారు, 2022 జాతీయ ప్రమాణాల్లో కనీసం 750 చేశారు. బొమ్మల మీద చేసే సిమ్యులేషన్ ఇందులోకి రాదు. వారానికి రెండు రోజులు, ఎనిమిదేసి గంటలు వెళ్లినా 47 వారాలు పడుతుంది. నైట్ డ్యూటీ దిగి అట్నుంచటే క్లినిక్‌కు వెళ్దామనుకోకండి, నెల తిరక్కుండానే చతికిలబడతారు.

ఎక్కువమంది ఇరుక్కునేది ప్రిసెప్టర్ దగ్గరే, అంటే క్లినిక్‌లో మిమ్మల్ని దగ్గరుండి నేర్పించే డాక్టరో నర్స్ ప్రాక్టీషనరో దొరకడం దగ్గర. కొన్ని కాలేజీలు మీరే వెతుక్కోమంటాయి. ఎవరు వెతకాలో చేరకముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. తెలిసిన తెలుగు డాక్టరుగారు ‘రామ్మా, చూద్దాం’ అన్నంత మాత్రాన పని జరగదు. క్లినిక్ యాజమాన్యానికీ కాలేజీకీ ఒప్పందం కుదరాలి, దానికే నెలలు పట్టొచ్చు. పైగా ఇది ఫ్యామిలీ ట్రాక్. పిల్లలు, గర్భిణులు, వృద్ధులు అందరూ మీ గంటల్లో కనబడాలి. అన్నీ బీపీ, షుగరు కేసులతో నింపేస్తే చివరి సెమిస్టర్‌లో పిల్లల క్లినిక్‌ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

కాలేజీకి సీసీఎన్‌ఈ, ఏసీఈఎన్ లాంటి నర్సింగ్ కోర్సుల గుర్తింపు సంస్థల గుర్తింపు ఉండాలి. అడ్వాన్స్‌డ్ స్థాయి పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, ఫిజికల్ అసెస్‌మెంట్ మూడూ ట్రాన్‌స్క్రిప్ట్‌లో విడివిడిగా కనబడాలి.

లైసెన్సు వచ్చాక కూడా టెక్సస్‌లో మందులు రాయాలంటే డాక్టరుతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. పక్కనున్న న్యూమెక్సికోలో ఆ అవసరం లేదు.

పాఠాల సంగతి. క్లినికల్ ఇన్‌స్ట్రక్టర్‌గా ఎమ్మెస్సెన్‌తో మొదలుపెట్టొచ్చు. ప్రొఫెసర్ కావాలంటే సాధారణంగా డీఎన్‌పీ (నర్సింగ్ ప్రాక్టీసులో డాక్టరేట్) గానీ పీహెచ్‌డీ గానీ అడుగుతారు. అప్పుడు కూడా రోగుల్ని చూడడం మానకండి. నర్స్ ప్రాక్టీషనర్లకిచ్చే ఏఏఎన్‌పీ సర్టిఫికెట్‌ను పరీక్ష మళ్లీ రాయకుండా ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలంటే 1,000 ప్రాక్టీసు గంటలు, 100 గంటల సీఈ, అంటే చదువు కొనసాగింపు (అందులో 25 ఫార్మకాలజీవి) చూపాలి. వారానికి నాలుగు గంటలు, ఏడాదికి 50 వారాలు చేస్తే ఐదేళ్లకు సరిగ్గా వెయ్యి. మధ్యలో ఒక్క కాన్పు సెలవు వచ్చినా తక్కువ పడతాయి. అందుకే వారానికో పూర్తి రోజు క్లినిక్‌కు ఉంచుకోండి.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో సీహెచ్‌ఓగా (కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్‌గా) చేస్తున్నాను. ఈ అనుభవం అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్‌గా లెక్కలోకి వస్తుందా?

జవాబు: రాదమ్మా. ముందు ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష) రాసి ఆర్‌ఎన్ కావాలి, ఆపైనే ఎమ్మెస్సెన్. దరఖాస్తులో మాత్రం మీ పని అంకెలతో రాయండి: మీ సబ్‌సెంటర్ కింద జనాభా ఎంత, ముప్పై దాటినవాళ్లలో నెలకు ఎందరికి బీపీ, షుగరు చూశారు, ఎందర్ని పీహెచ్‌సీకి పంపారు. ‘మందులు రాశాను’ అనకండి. మెడికల్ ఆఫీసర్ రాసిన మందులు నెలనెలా ఇచ్చానని, ఉన్నదున్నట్టు రాయండి.